లైకులు తుపానుకి, మౌనం భూతాపానికి: మన సరిహద్దు తెలుగు పేజీల్లో జనం నిజంగా దేనికి స్పందిస్తున్నారు?

#1 | చికిటి చెరువు | బరంపురం

అందరికీ నమస్కారం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్ల కోసం వాతావరణం పేజీలు, వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. తుపాను దారి చూపే పటం పెడితే చాలు, గంట తిరక్కుండా బరంపురం నుంచి పలాస దాకా ఫోన్లన్నీ చుట్టి వస్తుంది. సముద్రం ఎందుకు వేడెక్కుతోంది, దానివల్ల మన వానలు ఎలా మారుతున్నాయి అని ఓపిగ్గా రాసింది మాత్రం నాలుగు దండాల గుర్తులతో ఆగిపోతుంది. దీన్నిబట్టి "జనానికి వాతావరణ మార్పు పట్టదు" అనేస్తున్నారు. ఆ మాట నిజమో కాదో తేలాలంటే ముందు ఏది లెక్కపెట్టాలి? తర్వాత, రాసే పద్ధతిలో ఏం మార్చాలి?

మన చోట ఇంకో చిక్కు కూడా ఉంది. అధికారిక హెచ్చరిక ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. తెలుగులో వచ్చేది చాలావరకు ఆంధ్రా జిల్లాల గురించే. మధ్యలో ఉన్న తెలుగువాడు దేన్ని నమ్మి షేర్ చేస్తున్నాడన్నది కూడా తేలాలి. అంకెలతో, వివరంగా రాయండి.

#2 | ఋషికుల్య | ఛత్రపురం

"పట్టదు" అనేముందు లెక్క సరిచూద్దాం. లైకుల మొత్తాన్ని అలాగే పోల్చకూడదు, ఎంతమంది కంటబడిందో దాంతో భాగించాలి. ఒక తుపాను పటం 4,000 మందికి చేరి 320 లైకులు, 12 కామెంట్లు, 8 షేర్లు తెచ్చుకుందనుకోండి. మొత్తం 340, అంటే 8.5 శాతం. ఊరి చెరువు ఎందుకు ముందే ఎండుతోందో చెప్పే పోస్టు 600 మందికే చేరి 15 లైకులు, 24 కామెంట్లు, 21 షేర్లు తెచ్చిందనుకోండి. మొత్తం 60, అంటే 10 శాతం. రెండోదే జనానికి బాగా తగిలినట్టు. పైగా అందులో ముప్పాతిక భాగం కామెంట్లు, షేర్లు. లైకుకి ఒక వేలు చాలు, కామెంటుకి ఆలోచన కావాలి.

సగటు కూడా ముంచుతుంది. ఏడు పోస్టులకి 9, 11, 12, 14, 15, 18, 900 లైకులు వస్తే సగటు దాదాపు 140. అన్ని లైకులు వచ్చిన మామూలు పోస్టు అందులో ఒక్కటీ లేదు. వరసగా పేర్చి మధ్యలో ఉన్న 14ని తీసుకోండి, పేజీ అసలు స్థితి అదే. ఆ 900 ఎందుకు వచ్చిందో విడిగా చూడాలి.

ఇంకొకటి, తుపాను రోజుల్ని మామూలు రోజులతో కలపొద్దు. అల్పపీడనం ఏర్పడిన రోజు నుంచి తీరం దాటాక మూడో రోజు వరకు ఒక ఖాతా, మిగతావి మరో ఖాతా. అలా విడగొట్టకపోతే అక్టోబరు ఒక్కటే ఏడాదంతటినీ మింగేస్తుంది.

వాట్సాప్‌లో మీరు పెట్టిన సందేశాన్ని నొక్కిపట్టి "సమాచారం"లోకి వెళితే ఎవరికి చేరింది, ఎవరు చూశారు అన్నది కనిపిస్తుంది. గ్రూపుల్లో నీలం టిక్కులు ఆపుకునే వీలు లేదు కాబట్టి ఇది కొంతవరకు నమ్మదగిన లెక్క. అయితే "చూశారు" అంటే ఆ గ్రూపు తెరిచారని మాత్రమే, చదివారని కాదు. అక్కణ్నుంచి ఫార్వర్డ్ అయిన కాపీలు ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదు. ఒకే ఫోను ఇంట్లో నలుగురు చూసే ఊళ్లలో ఆ లెక్క ఇంకా తక్కువ చూపిస్తుంది.

#3 | నాగావళి | రాయగడ

ఋషికుల్య గారు చెప్పినదానికి కొనసాగింపు. మౌనంగా ఉన్నవాళ్లంతా పట్టనివాళ్లు కారు. ఆన్‌లైన్ సమూహాల్లో 90 మంది చూసి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు స్పందిస్తారు, ఒక్కరు ఎక్కువ రాస్తారు అని జాకబ్ నీల్సన్ 2006లోనే రాశారు. అది మోటు లెక్కే గాని మన గ్రూపులకీ దగ్గరగానే సరిపోతుంది.

రెండోది మాట గొడవ. యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు మన దేశంలో చేసిన సర్వే 2022 నివేదిక చూడండి. భూతాపం అంటే ఏమిటో చిన్న వివరణ ఇచ్చాక అడిగితే 84 శాతం మంది అది జరుగుతోందన్నారు. ఎక్కువగా మనుషుల వల్లే అన్నవాళ్లు 57 శాతం. ఇక్కడ కీలకం ఆ "వివరణ ఇచ్చాక" అన్న ముక్క. జనానికి ఆ సంగతి తెలుసు, పేరే తెలియదు. "వాతావరణ మార్పు" అని శీర్షిక పెడితే "రేపు వాన పడుతుందా?" అని కామెంటు వస్తుంది. వాళ్లకి వాతావరణం అంటే ఇవాళ్టి ఎండ, రేపటి వాన. తప్పు వాళ్లది కాదు, తెలుగులో రెండింటికీ అదే మాట వాడుతున్నాం. "రుతువులు గతి తప్పడం" అనండి, "కార్తెలు తప్పుతున్నాయి" అనండి, రైతు ఆగి చదువుతాడు. మృగశిరకి పడాల్సిన వాన ఎప్పుడు పడిందో ఆయన దగ్గర ఏళ్ల తరబడి లెక్క ఉంటుంది.

అమెరికాలో ప్యూ సంస్థ 2021లో అడిగినప్పుడు సోషల్ మీడియా వాడే జెన్ జీలో (1996 తర్వాత పుట్టి 18 ఏళ్లు నిండినవాళ్లు) 45 శాతం, వాళ్లకంటే ముందుతరం మిలేనియల్స్‌లో 40, ఆ ముందుతరం జెన్ ఎక్స్‌లో 27, అంతకు పైబడినవాళ్లలో 21 శాతం మంది వాతావరణ చర్యల గురించిన పోస్టులకి ఏదో ఒక రకంగా స్పందించామన్నారు. ఆ అంకెల్ని తెచ్చి మనకి అంటించకూడదు. అక్కడ తగువు "ఇది నిజమా కాదా" అని. మన దగ్గర దాదాపు ఎవరూ కాదనరు. మన కామెంట్లలో తగువు "దీనికి బాధ్యులెవరు, నష్టపరిహారం ఏదీ" అని. అది కూడా స్పందనే. చాలామంది అడ్మిన్లు దాన్ని రాజకీయం అని చెరిపేస్తున్నారు, అది పొరపాటు.

#4 | మహేంద్రతనయ | పర్లాకిమిడి

నేను చెప్పాల్సింది ఒక్కటే, కాస్త పొడుగ్గా చెబుతాను. షేర్లు పెరిగే సమయం, ప్రమాదం పెరిగే సమయం ఒకటి కావు.

తిత్లీ తుపానుని తీసుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. "తీరం దాటింది" అన్న మాట రాగానే తెలుగు గ్రూపుల్లో ఊపు తగ్గిపోతుంది, గండం గడిచిందనుకుంటారు. గజపతి కొండల్లో ఘోరం జరిగింది ఆ తర్వాతే. వానకి కొండ విరిగిపడి బరఘర ఊరి దగ్గర ఎంతోమంది చనిపోయారు. గాలి తీరం దగ్గరే బలహీనపడుతుంది, వాన మాత్రం కొండల మీదికి వెళ్లి కూర్చుంటుంది. వంశధార, మహేంద్రతనయ పొంగేది అప్పుడే. కాబట్టి మన మూడు జిల్లాలకి అసలైన పోస్టు తీరం దాటిన తర్వాతి 48 గంటల్లో పడాలి. ఆ సమయంలో ఆంధ్రా ఛానెళ్లు సహాయ శిబిరాల వార్తల్లోకి వెళ్లిపోయి ఉంటాయి. తెలుగులో మన కొండల గురించి చెప్పేవాళ్లు ఉండరు. ఆ ఖాళీని నింపాల్సింది ఈ పేజీలే.

రెండో చిక్కు ఊరి పేర్లు. "రాయగడలో కొండచరియలు" అని ఒక వరస రాస్తే రాయగడ జిల్లా అంతా హడలిపోతుంది. గజపతి జిల్లాలోనే రాయగడ అని ఒక బ్లాకు (ఆంధ్రాలో మండలం లాంటిది) ఉంది, బరఘర అందులోదే. ఉదయగిరి అంటే గజపతిలో ఆర్.ఉదయగిరి, కంధమాల్‌లో జి.ఉదయగిరి, నెల్లూరు వైపు మరో ఉదయగిరి. ప్రతి పోస్టులో ఊరు, బ్లాకు, జిల్లా, రాష్ట్రం నాలుగూ రాయండి. మాట పెరిగినా ఫర్వాలేదు.

హెచ్చరికలు కూడా ఎవరివి వారివి. ఒడిశా జిల్లాలకి భువనేశ్వర్ వాతావరణ కేంద్రం, ఆంధ్రా కోస్తాకి విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం చెబుతాయి. శ్రీకాకుళానికి రెడ్ ఇచ్చి గజపతికి ఆరెంజ్ ఇచ్చిన రోజున, విశాఖ ఛానెల్ చూసిన పర్లాకిమిడి మనిషి రెడ్ అనే షేర్ చేస్తాడు. పోస్టులో రెండు జిల్లాల రంగులూ పక్కపక్కన పెడితే ఆ గందరగోళం అక్కడే తెగుతుంది.

#5 | సొండి గాలి | గోపాల్‌పూర్

మహేంద్రతనయ గారూ, ఆ రంగుల అర్థం కూడా ప్రతిసారీ రాయాలండి. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ సిద్ధం కండి, రెడ్ చర్య తీసుకోండి. "రెడ్ అంటే తుపాను ఇక్కడే దాటుతుంది" అనుకునేవాళ్లు చాలామంది.

వేటకెళ్లే ఊళ్లలో రాతపోస్టు పనిచేయదు. చదవగలిగినా పడవ దగ్గర, ఎండలో, తడిచేతులతో ఎవరు చదువుతారు? వాయిస్ మెసేజే పెట్టాలి. 40 సెకన్లు దాటకూడదు. మొదటి ఐదు సెకన్లలో తేదీ, గంట చెప్పాలి. ఎందుకంటే ఫార్వర్డ్ అయిన వాయిస్‌కి దాని పుట్టిన రోజు తెలియదు, నిరుటి హెచ్చరిక ఈ ఏడాది తిరుగుతుంది. తర్వాత ఏ తీరం, గాలి ఎంత, ఎప్పటిదాకా వేటకి వెళ్లకూడదు. చివర సముద్రంలో చిక్కుకుంటే కోస్ట్‌గార్డ్ 1554. ఒకే గొంతు ఎప్పుడూ చెబుతుంటే జనం గుర్తుపడతారు, నకిలీ తేలిగ్గా బయటపడుతుంది.

తాబేళ్ల పోస్టుల గురించి కూడా చెప్పాలి. ఋషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టే వీడియోలకి వచ్చే లైకులు చూసి తీరం వాతావరణం మీద అందరికీ ఆసక్తి ఉందనుకోకండి. కామెంట్లు విడగొట్టి చూడండి. బయటివాళ్లు "ఎంత అందం" అంటారు. వేటగాళ్లు నిషేధం గురించి రాస్తారు. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ చుట్టూ 20 కిలోమీటర్ల లోపల మోటారు పడవలకి వేట లేదు, దానిమీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా 61 రోజుల విరామం. కడుపు మాడే విషయాన్ని వదిలేసి, ఇసుక వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయని శాస్త్రం ఒక్కటే చెబితే వాళ్లు మన పేజీ వదిలేస్తారు. రెండూ ఒకే పోస్టులో రావాలి. పొడంపేట లాంటి ఊరు సముద్రం కోతకి ఖాళీ అయిన సంగతి చెప్పండి, అప్పుడు వేటగాళ్లే వచ్చి ఏ ఏడు ఏ వరస ఇళ్లు పోయాయో కామెంట్లలో రాస్తారు. అలాంటి కామెంటు ఒక్కటి వంద లైకుల పెట్టు.

#6 | ప్రాణహిత ఒడ్డు | సిరోంచ, గడ్చిరోలి

మాది మహారాష్ట్ర అంచు. మాకు తుపాను లేదు, ఎండ ఉంది. ఎండ పోస్టులకి స్పందన వేరుగా ఉంటుంది కాబట్టి రాస్తున్నాను.

ఎండాకాలంలో అందరూ షేర్ చేసేది అంకె. అంకె ఎంత పెద్దదైతే అంత వేగం. 2024 మే 29న ఢిల్లీ ముంగేశ్‌పూర్‌లో 52.9 డిగ్రీలని వచ్చింది, ఆ సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని తర్వాత భారత వాతావరణ శాఖ (ఐఎండీ) చెప్పింది. మరునాడు నాగపూర్‌లో ఒక ఆటోమేటిక్ కేంద్రం 56 చూపించింది, అదీ పరికరం లోపమే. 56 అన్న స్క్రీన్‌షాట్ ఇప్పటికీ తిరుగుతుంది, సవరణ తిరగదు. కారు డాష్‌బోర్డు మీద కనిపించే అంకె ఫొటో కూడా అంతే. గాలి ఉష్ణోగ్రత అంటే నేలకి సుమారు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసి గాలి ఆడే చెక్కపెట్టెలో, నీడలో కొలిచేది. ఎండలో నిలబెట్టిన కారు ఏం చూపిస్తే ఏం?

ఉపగ్రహ పటాలది మరో గందరగోళం. 2022 ఏప్రిల్ 29న వాయవ్య భారతంలో కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటిందని ఎర్రటి పటం వచ్చింది. అది నేల ఉపరితలం వేడి, గాలి వేడి కాదు. రెండూ నిజమే, కొలిచినవి వేరు. అలాగే మేఘాల పటంలో ఎరుపు అంటే వేడి కాదు, ఎత్తుకి పోయి బాగా చల్లబడిన మేఘం తల. ఈ రెండు వాక్యాలు పటం కిందే రాయకపోతే కామెంట్లన్నీ తప్పుదారి పడతాయి.

ఒకే ఎండ పోస్టు బరంపురానికీ సిరోంచకీ పనికిరాదు. ఐఎండీ లెక్కలో వడగాడ్పు ఆలోచన మొదలయ్యేది మైదానంలో 40, తీరంలో 37, కొండల్లో 30 డిగ్రీల నుంచి. దాంతోపాటు ఆ రోజు మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి, లేదా మైదానంలో నేరుగా 45 తాకాలి. గోపాల్‌పూర్‌లో 38 వడగాడ్పు కావచ్చు, మాకు మే నెలలో 43 మామూలు రోజు. "38కే ఇంత గోలా?" అని మావాళ్లు మీ పోస్టు కింద రాస్తే అది వెటకారం అనుకోకండి, వివరణ ఇవ్వండి.

#7 | గుణుపురం కొండ | గుణుపురం

మంచి చర్చ. కాని మెత్తగా రాస్తే ఎవరూ ఆగరండి. భయం పుట్టించే ఫొటో పెడితేనే వేలు ఆగుతుంది. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా 1.26 లక్షల కథనాల మీద ఎంఐటీ వాళ్లు చేసిన పరిశోధన 2018లో వచ్చింది కదా. అబద్ధం నిజం కంటే 70 శాతం ఎక్కువ రీట్వీట్ అయ్యే అవకాశం ఉందని తేలింది. పోటీ అలాంటివాటితో. మనం కూడా గట్టిగా కొట్టాలి.

#8 | నాగావళి | రాయగడ

అన్నా, అదే పరిశోధన ఇంకో మాట కూడా చెప్పింది. ఆ తేడా మనుషులు కాక యంత్రాలు నడిపే ఖాతాల (బాట్ల) వల్ల రాలేదు, మనుషులే కొత్తగా అనిపించినదాన్ని పంచారు. మనం పట్టుకోవాల్సింది కొత్తదనాన్ని, భయాన్ని కాదు. "మన బ్లాకులో నిన్న ఒక్కరోజే ఇంత వాన పడింది" అన్నది కొత్త సంగతి, నిజం కూడా.

భయం వల్ల వేలు ఆగుతుందన్నది ఒప్పుకుంటాను. ఆగిన తర్వాత ఏం చేయాలో చెప్పకపోతే ఆ మనిషి పక్కకి జరిపేస్తాడు, మళ్లీ రాడు. ప్యూ సర్వేలో జెన్ జీలో 69 శాతం మంది అలాంటి పోస్టు చూసినప్పుడు భవిష్యత్తు గురించి ఆందోళన కలిగిందన్నారు. ఆందోళన తెప్పించడం తేలికే, దాన్ని పనిలోకి మళ్లించడమే కష్టం. భయపెట్టే ప్రతి వాక్యం పక్కన చేయగలిగిన పని ఒకటి ఉండాలి: జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070, పిడుగుకి దామిని యాప్, పంటకి మేఘదూత్. ఆశ్రయం ఏ స్కూల్లో, తాళం ఎవరి దగ్గర, అదీ రాయాలి.

#9 | గుణుపురం కొండ | గుణుపురం

తాళం ఎవరి దగ్గర అన్నది ఒప్పుకున్నాను తల్లీ, అది నేను ఆలోచించలేదు. మరి ఫొటో సంగతి? పాత తుపాను వీడియోలు తెచ్చి కొత్తవని పెడుతున్నారు. వాటిని నిమిషాల్లో పట్టుకునే దారి ఉందా?

#10 | ఋషికుల్య | ఛత్రపురం

ఉంది. ముందు వెలుతురు చూడండి. మన వైపు వచ్చినవి ఏ గంటకి తీరం దాటాయో గుర్తుంటే సగం తేలిపోతుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం విశాఖ దగ్గర. తిత్లీ తెల్లవారుజామున. ఫనీ 2019 మే 3 ఉదయం పూరీ దగ్గర. గులాబ్ 2021 సెప్టెంబరు 26 సాయంత్రం చీకటిపడ్డాక కళింగపట్నం దగ్గర. పట్టపగటి వెలుగులో "ఫైలిన్ గోపాల్‌పూర్‌లో దాటుతున్న దృశ్యం" అంటే అది కాదు. ఫైలిన్, హుద్‌హుద్ రెండూ ఒకే తేదీ కావడంతో ఏటా అక్టోబరు 12న ఫేస్‌బుక్ జ్ఞాపకాలు పైకి తేలి కొత్త హెచ్చరికల్లా తిరుగుతాయి, ఆ వారం మరింత జాగ్రత్త.

తర్వాత అక్షరాలు, నంబరు ప్లేట్లు. బోర్డుల మీద ఒడియానా తెలుగా చూడండి. ఓడీ 07 గంజాం, ఓడీ 20 గజపతి, ఓడీ 18 రాయగడ, ఏపీ 30 శ్రీకాకుళం (2019కి ముందు బండ్లకి), ఎంహెచ్ 33 గడ్చిరోలి. ఒడిశా 2012లో ఓఆర్ నుంచి ఓడీకి మారింది, కాబట్టి ఓడీ ప్లేటు కనిపిస్తే అది 1999 సూపర్ సైక్లోన్ కానే కాదు. దీన్ని తిరగేసి వాడకండి, ఓఆర్ బండ్లు ఆ తర్వాత కూడా రోడ్ల మీద ఉన్నాయి.

ఇంకా అనుమానం ఉంటే వీడియోని స్పష్టంగా ఉన్నచోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, మీద ఉన్న రాతని కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెతకండి. ఒక్క ఫ్రేముతో ఆగొద్దు, మూడు ఫ్రేములైనా వేయండి. ఫొటోలో దాగిన తేదీ కోసం వాట్సాప్‌లో వచ్చిన కాపీ పనికిరాదు, అది ఆ సమాచారాన్ని తీసేస్తుంది. తీసినవారిని అసలు ఫైలు డాక్యుమెంటుగా పంపమని అడగాలి.

రెండు బాణాల గుర్తు ఉందంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చినట్టు. అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. దాంతో జనం స్క్రీన్‌షాట్ తీసి కొత్తదానిలా పంపుతారు, అంచున రాసిన పేజీ పేరు, తేదీ కత్తిరింపులో పోతాయి. అందుకని తేదీని, "ఈ సమాచారం ఫలానా గంటదాకే" అన్న మాటని బొమ్మ మధ్యలో, అంకెల పక్కనే రాయండి.

#11 | చికిటి చెరువు | బరంపురం

చాలా పనికొచ్చే మాటలు. ఇప్పుడు రెండు సందేహాలు. ఒకటి, కామెంట్లని విడగొట్టాలంటున్నారు, ఎలా? రెండు, ఒక తుపాను రాగానే "ఇదంతా భూతాపమే" అని రాయొచ్చా?

#12 | నాగావళి | రాయగడ

మొదటిదానికి జవాబు. గ్రూపు సంభాషణని మీడియా లేకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే టెక్స్ట్ ఫైలు వస్తుంది. ముందుగా గ్రూపులో చెప్పి చేయండి, పేర్లు, నంబర్లు తీసేసి వరస అంకెలు పెట్టండి. యూట్యూబ్‌కి అయితే డేటా ఏపీఐ (ప్రోగ్రాం రాసి సమాచారం తెచ్చుకునే దారి) ఉంది, రోజుకి 10,000 యూనిట్లు ఉచితం. వెతుకులాటకి ఒక్కోసారి 100 యూనిట్లు కరిగిపోతాయి, కామెంట్లు తెచ్చుకోవడానికి ఒక్క యూనిట్టే, ఒకసారికి 100 దాకా వస్తాయి. అందుకే వీడియోలని చేత్తో వెతికి, కామెంట్లకి మాత్రమే ఏపీఐ వాడండి. ఫేస్‌బుక్‌లో వేరే పేజీల లెక్కలు చూపే క్రౌడ్‌టాంగిల్‌ని 2024 ఆగస్టు 14న మూసేశారు, ఇప్పుడు సొంత పేజీ లెక్కలే దిక్కు. పోస్టు పడిన 24 గంటలకి ఒకసారి, వారానికి ఒకసారి తీయండి. మధ్యలో చెరిగిపోయిన కామెంట్లు కూడా ఏదో చెబుతాయి.

విడగొట్టడానికి ఐదు గదులు చాలు: ప్రశ్న, కంటితో చూసిన సాక్ష్యం, నింద, దండం లేదా దైవప్రస్తావన, పక్కవారి పేరు తగిలించడం. 100 కామెంట్లని ఇద్దరు విడివిడిగా విడగొట్టాలి. 20 కంటే ఎక్కువచోట్ల తేడా వస్తే గదుల నిర్వచనాలు సరిగా లేవన్నమాట, మళ్లీ రాసుకోవాలి. ఎప్పుడూ చిక్కు పెట్టేది దండం గుర్తు. చావు వార్త కింద అది సంతాపం, సహాయ నంబరు కింద కృతజ్ఞత, శాస్త్రం పోస్టు కింద "చూశాను" అనే పలకరింపు. పోస్టు చూడకుండా దాన్ని లెక్కించకూడదు.

భావాలని పసిగట్టే రెడీమేడ్ యంత్రాలు మన కామెంట్ల మీద నమ్మదగినవి కావు. మనవాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాల స్పెల్లింగులతో రాస్తారు, మధ్యలో ఒడియా "బన్యా" (వరద), "బాత్యా" (తుపాను) వస్తాయి. సిరోంచ వైపు వరదని "పూర్" అంటారు. "వరద" అని ఒక్కమాట వెతికితే చాలా కామెంట్లు జారిపోతాయి. మాటల పట్టీ ముందు తయారుచేసుకోండి.

#13 | మహేంద్రతనయ | పర్లాకిమిడి

రెండోదానికి నేను చెబుతాను. రాయకూడదు. ఒక తుపాను పుట్టడానికి చాలా కారణాలుంటాయి. మనం గట్టిగా చెప్పగలిగింది ఇది: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమని పట్టుకోగలదు, అందుకే కుండపోతల్లో నీళ్లు పెరుగుతాయి. ప్రపంచ సముద్ర మట్టం 1901 నుంచి 2018 లోపల సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, కాబట్టి అదే ఉప్పెన ఇప్పుడు ఇంకొంచెం లోపలికి వస్తుంది. 2011 నుంచి 2020 దశాబ్దంలో భూమి 1850–1900 నాటికంటే 1.1 డిగ్రీలు వేడిగా ఉంది. "తుపాన్ల సంఖ్య పెరిగిపోయింది" అని బంగాళాఖాతం గురించి రాయకండి, నిలబడదు. "వచ్చినవాటిలో బలమైనవాటి వాటా పెరుగుతుంది" అన్నది నిలబడుతుంది.

లెక్క కట్టిన ఘటన ఉంటే దాన్ని వాడండి. 2022 మార్చి, ఏప్రిల్ ఎండలు వాతావరణ మార్పు వల్ల సుమారు 30 రెట్లు ఎక్కువ సంభావ్యమయ్యాయని వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ శాస్త్రవేత్తలు లెక్కించారు. సిరోంచ గారి పేజీకి అది చక్కగా పనికొస్తుంది. ఒక్కసారి పెంచి రాసి దొరికిపోతే, తర్వాత నిజమైన రెడ్ అలర్ట్‌ని కూడా నమ్మరు. నష్టం అక్కడ జరుగుతుంది.

#14 | సొండి గాలి | గోపాల్‌పూర్

జనాన్ని కదిలించడానికి ఇంకో దారి ఉందండి: వాళ్లచేతే కొలిపించడం. "మీ ఊళ్లో ఎంత వాన పడింది?" అని అడిగితే అందరూ "చాలా" అంటారు. అడుగు నుంచి మూతిదాకా ఒకే వెడల్పున్న పాత్ర పెట్టమనండి, స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవమనండి. కూల్‌డ్రింక్ సీసా అడుగు మడతలు పడి ఉంటుంది, అలాగే కొలిస్తే తప్పొస్తుంది. మడతలు మునిగేదాకా ముందే నీళ్లు పోసి అక్కడ గీత గీసి, ఆ గీత నుంచి లెక్కపెట్టాలి. పైన గరాటు పెడితే ఇంకో లెక్క. గరాటు మూతి 20 సెంటీమీటర్లు, సీసా వెడల్పు 10 అయితే విస్తీర్ణం నాలుగు రెట్లు. సీసాలో 80 మిల్లీమీటర్లు నిలిస్తే పడిన వాన 20 మాత్రమే. చెట్టుకీ గోడకీ వాటి ఎత్తుకి రెండింతల దూరంలో పెట్టాలి, డాబా అంచున పెట్టకూడదు, గాలి వానని ఎగరగొడుతుంది.

ఆ అంకెలు కామెంట్లలో వస్తే పక్కన ఐఎండీ కొలబద్ద పెట్టండి: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. తమ సీసాలో పడింది ఏ వరసలోదో చూసుకున్న మనిషి రేపు కూడా పేజీకి వస్తాడు. ఐదేళ్లు ఇలా రాస్తే బ్లాకుల వారీగా మనకే ఒక పట్టిక మిగులుతుంది.

#15 | చికిటి చెరువు | బరంపురం

అందరి మాటలు కలిపి ఒక నమూనా రాశాను, తప్పులుంటే దిద్దండి.

"శుక్రవారం ఉదయం 9 గంటలకి రాసినది. శనివారం ఉదయం 9 దాకే చెల్లుతుంది. ఆధారం: భువనేశ్వర్ వాతావరణ కేంద్రం. గజపతి జిల్లా (ఒడిశా): ఆరెంజ్, సిద్ధంగా ఉండండి. శ్రీకాకుళం జిల్లా (ఆంధ్రా): రెడ్, చర్య తీసుకోండి. తీరం దాటినా కొండల మీద వాన ఆగదు, రాయగడ బ్లాకు, మోహన బ్లాకు వాళ్లు ఏటవాలు కింద ఉండొద్దు. ఆశ్రయం, తాళం వివరాలు మొదటి కామెంటులో. జిల్లా కంట్రోల్ రూమ్ 1077. వేడెక్కిన గాలి ఎక్కువ తేమని మోస్తుంది, అందుకే ఒక్కరోజులో ఇంత వాన. మీ సీసాలో నిన్న ఎన్ని మిల్లీమీటర్లు?"

#16 | ప్రాణహిత ఒడ్డు | సిరోంచ, గడ్చిరోలి

బాగుంది. శ్రీకాకుళం రంగు పెట్టారు కాబట్టి ఆధారంలో విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం కూడా రాయాలి. "అందుకే ఇంత వాన" అన్నది మహేంద్రతనయ గారు వద్దన్నదే, "ఇలాంటి వానల్లో నీళ్లు పెరుగుతున్నాయి" అని మార్చండి.

#17 | ఋషికుల్య | ఛత్రపురం

చివరి ప్రశ్న కూడా మార్చాలి. "నిన్న" అంటే ఒకరు సాయంత్రం కొలుస్తారు, ఒకరు అర్ధరాత్రి దాకా లెక్కేస్తారు. ఐఎండీ రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. "నిన్న ఉదయం 8:30 నుంచి ఇవాళ ఉదయం 8:30 దాకా మీ సీసాలో ఎన్ని మిల్లీమీటర్లు? ఊరు, బ్లాకు కూడా రాయండి" అని పెట్టండి. అప్పుడే వాళ్ల అంకెని అధికారిక అంకె పక్కన పెట్టగలం.